అద్దెకు పోయిన పిల్లాడు: రెమీ కథ వెనక కథ

రెమీ అబ్బాయా, అమ్మాయా? జపాన్ యానిమేషన్ చూసి పెరిగినవాళ్లు ఇద్దరు కలిస్తే ఇక్కడే పేచీ వస్తుంది. 1977 నాటి సీరియల్ చూసినవాళ్లకు రెమీ అబ్బాయి. 1996లో వచ్చింది చూసినవాళ్లకు అమ్మాయి. అసలు పుస్తకంలో మాత్రం ఎనిమిదేళ్ల మగపిల్లాడు. దాన్ని రాసినాయన ఫ్రెంచి నవలాకారుడు ఎక్టోర్ మాలో. నవల పేరు ‘సాన్ ఫామీయ్’, అంటే నా అన్నవాళ్లు లేనివాడు అని.

మాలో 1830లో రూఆఁ నగరం దగ్గర, సెన్ నది ఒడ్డున ఉన్న లా బూయ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి నోటరీ. కొడుకునీ లా చదివించారు గానీ అతను రాతలో పడ్డాడు. సుమారు డెబ్బై నవలలు రాస్తే వాటిలో ఎక్కువ పెద్దవాళ్ల కోసమే. చదువుకున్న లా మాత్రం వృథా పోలేదు. 1868లో రాసిన ఒక నవలలో, ఇంట్లోవాళ్లే మనిషికి పిచ్చి అని ముద్రవేసి ఆస్పత్రిలో పడేయడానికి వీలిచ్చిన 1838 నాటి చట్టాన్ని ఉతికి ఆరేశాడు. పిల్లల కోసం ఒక పుస్తకం రాయమని అడిగింది జూల్ వెర్న్ పుస్తకాలు వేసిన ఎట్జెల్. మధ్యలో ప్రష్యాతో 1870 యుద్ధం వచ్చిపడింది. చివరికి 1878లో పుస్తకం అచ్చయింది. ఫ్రెంచ్ అకాడమీ బహుమతి ఇచ్చింది.

ఈ నవలలో కన్నీళ్లు ఎక్కువని అంటారు. నిజమే, కానీ ప్రతి కన్నీటి వెనకా ఒక లెక్క ఉంటుంది. మొదటి అధ్యాయాలే చూడండి. రెమీని పెంచిన బార్బెరాన్ పారిస్‌లో తాపీ పనివాడు. పరంజా కూలి దెబ్బతగిలింది. కాంట్రాక్టరు మీద కేసు వేశాడు. కేసు ఖర్చులకు ఇంట్లో ఉన్న ఒక్క ఆవునీ అమ్మేశారు. పండగ వచ్చింది. ఆ రోజు ఇంటింటా అట్లు వేసుకుంటారు. పాడి లేని ఇల్లు కదా, పెంచిన తల్లి ఒకరింట్లో పాలు, ఇంకొకరింట్లో వెన్న అడిగి తెచ్చింది. పెనం మీద వెన్న చిటపటమంటుండగా తలుపు దగ్గర కర్ర చప్పుడు. మొగుడు వచ్చాడు. ఆ వెన్న కాస్తా అతని ఉల్లిపాయ సూప్‌లోకి పోయింది. పిల్లాడి అట్టూ పోయింది, కాసేపటికి ఇల్లూ పోయింది. కేసు ఓడిపోయిన బార్బెరాన్ వాణ్ణి కుక్కల్నీ కోతినీ ఆడించుకునే విటాలిస్ అనే ముసలాయనకు 40 ఫ్రాంకులకు అప్పగించేస్తాడు.

ఇది కల్పన కోసం కల్పించిన సంగతి కాదు. ఇటలీ పల్లెల్లో తల్లిదండ్రులకు డబ్బు ముట్టజెప్పి పిల్లల్ని తీసుకెళ్లి, పారిస్, లండన్ వీధుల్లో వాయిద్యాలు వాయించి అడుక్కునేలా చేసే వ్యాపారం అప్పట్లో బాగా నడిచింది. 1874 మే నెలలో ఫ్రాన్స్ ఫ్యాక్టరీల్లో బాల కార్మికుల మీద ఒక చట్టం, డిసెంబరులో ఊరూరూ తిరిగే ప్రదర్శనల్లో పిల్లల్ని వాడుకోవడం మీద ఇంకో చట్టం తెచ్చింది. నవల వచ్చేసరికి ఆ చట్టానికి నాలుగేళ్లే. నవలలో ఇలా పిల్లల చేత అడుక్కునేలా చేసేవాడు గరోఫోలి. అతని ఇంట్లో పొయ్యి మీద కుండ ఉంటుంది. పిల్లలు దొంగతనంగా తినకుండా మూతకి తాళం. వంట చూసుకునే మత్తియా అనే కుర్రాడికి దక్కేది ఆవిరి వాసన ఒక్కటే. అంత బీభత్సాన్ని పిల్లల పుస్తకంలో పెట్టడానికి ధైర్యం కావాలి.

జపాన్‌కు ఈ కథ టీవీ కంటే చాలా ముందే చేరింది. 1903లోనే ఒక అనువాదం పుస్తకంగా వచ్చింది. తర్వాత కికుచి యూహో అనువాదంతో ‘ఇల్లు లేని బిడ్డ’ అనే అర్థం వచ్చే ‘ఇయె నకి కో’ పేరు స్థిరపడిపోయింది. 1970లో తోయె సంస్థ సినిమా తీసింది. అసలు పేరు తెచ్చింది మాత్రం 1977 అక్టోబరులో మొదలై ఏడాదిపాటు నడిచిన 51 భాగాల సీరియల్. దర్శకుడు ఒసాము దెజాకి. దీన్ని ప్రత్యేకమైన కళ్లద్దాలతో చూస్తే బొమ్మ లోతుగా కనిపించేది. కిటుకు చిన్నదే. ఒక కంటికి నల్లటి అద్దం పెడితే ఆ కన్ను బొమ్మను లిప్తపాటు ఆలస్యంగా గ్రహిస్తుంది. దాంతో తెర మీద పక్కకు కదిలేవి దగ్గరగానో దూరంగానో ఉన్నట్టు అనిపిస్తాయి. కదలిక ఆగితే లోతూ పోతుంది. కథంతా నడకే అయిన పిల్లాడికి ఇంతకంటే తగిన టెక్నిక్ దొరకదేమో.

1978లో జపాన్ పిల్లలకు ఆదివారం వచ్చిందంటే మాలో కథలు రెండు. ఒక చానల్లో రెమీ, ఇంకో చానల్లో పెరీన్. 1893లో వచ్చిన ‘ఆన్ ఫామీయ్’ నవల రెండోదానికి ఆధారం. ఇందులో మనకూ చిన్న చుట్టరికం ఉంది. పెరీన్ తండ్రిని అతని తండ్రి జనపనార కొనడానికి భారతదేశం పంపిస్తే, అతను ఇక్కడే పెళ్లి చేసుకుంటాడు. తల్లి వైపు నుంచి పెరీన్‌లో భారతీయ రక్తం ఉంది. తాతకు కోపం అందుకే. తల్లిదండ్రులిద్దరూ పోయాక, పేరు మార్చుకుని ఆ తాత ఫ్యాక్టరీలోనే కూలికి చేరే ఆ పిల్ల కథ రెమీ కథ కంటే గట్టిదని నా అభిప్రాయం. పెరీన్ ఏడవడం తక్కువ, లెక్కలు వేసుకోవడం ఎక్కువ.

1996 సెప్టెంబరులో నిప్పాన్ యానిమేషన్ మళ్లీ రెమీని తీసుకుని అమ్మాయిని చేసింది. పెరీన్ వచ్చిన ఆదివారం స్లాట్‌లోనే ఇదీ వచ్చింది, అందులో అప్పటికే ఆడపిల్లల కథలు చాలా నడిచాయి. ఈసారి రోడ్డు తగ్గి, పారిస్‌లో పిల్లల్ని పనిలో పెట్టుకునే ఇల్లు పెరిగింది. జపాన్‌లో జనం పెద్దగా చూడలేదు. 26 భాగాలు తీస్తే ఫుజీ టీవీ 23 మాత్రమే వేసి 1997 మార్చి 23న ఆపేసింది. దానితో ఆ ఆదివారం స్లాటే మూతపడింది. 2007లో ఇంకో చానల్లో తిరిగి తెరుచుకున్నప్పుడు ఎంచుకున్నదీ ఫ్రెంచి నవలే, విక్టర్ హ్యూగోది. అందులోనూ పరాయి ఇంట్లో చాకిరీ చేసే పిల్లే నాయిక.