మన్యం జిల్లాలో యూపీ బడి ఖాళీ అయిన తీరు

పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నత ప్రాథమిక పాఠశాలల (యూపీ స్కూళ్ల) భవితవ్యంపై వాదన మళ్లీ మొదటికి వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్లలు బాగా తగ్గిన యూపీ స్కూళ్లను ప్రాథమిక పాఠశాలలుగా కుదించి, ఆ పిల్లలను సమీప హైస్కూలులో చేర్చాలన్నది విద్యాశాఖ ఆలోచన. ఊళ్లో బడిని ఉన్నచోటే ఉంచి, సబ్జెక్టు చెప్పగల మాస్టార్లను పంపమన్నది తల్లిదండ్రుల మాట. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు బడి పెట్టిన నాటి నుంచి ఈ ప్రాంతపు చదువుల కథ చాలామందికి తెలిసిందే గనుక, నేటి తగవుకు మూలమని నేను నమ్ముతున్న 2022 దగ్గరికే నేరుగా వెళ్తాను.

ఆ ఏడాది ఏప్రిల్ 4న విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని 15 మండలాలతో కొత్త జిల్లా ఏర్పడింది. రెండు నెలలు దాటాయో లేదో, జూన్ 10న జీవో 117 వెలువడింది. మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు తరలించే ఏర్పాటుపై రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది, అది న్యాయమే. అయితే ఆ సందడిలో అదే ఉత్తర్వులోని మరో సంగతి మరుగున పడిపోయింది. నిర్దేశించిన సంఖ్య కన్నా తక్కువ మంది పిల్లలున్న యూపీ స్కూళ్లకు స్కూల్ అసిస్టెంట్లు, అంటే సబ్జెక్టు టీచర్లు ఉండరు, అక్కడ ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీలే (సెకండరీ గ్రేడ్ టీచర్లే) పై తరగతులకూ పాఠాలు చెప్పాలన్నదే అది. 2009 నాటి విద్యాహక్కు చట్టం మాత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు గణితం–సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పక ఉండాలని తన షెడ్యూలులో స్పష్టంగా చెప్పింది. పిల్లలు తక్కువైతే ఈ నియమం వర్తించదని అందులో ఎక్కడా లేదు.

ఆ ఉత్తర్వు తరగతి గదిలో ఎలా కనిపిస్తుందంటే, నల్లబల్లకు నడిమధ్యన సుద్దతో నిలువు గీత ఉంటుంది. ఎడమవైపు ఆరో తరగతి భిన్నాలు, కుడివైపు ఏడో తరగతి సామాన్య సమీకరణాలు. ఒకే మాస్టారు పది నిమిషాలు ఇటు చెప్పి, అటువాళ్లను లెక్కలు చేసుకోమంటారు. భౌతికశాస్త్రం పాఠం వచ్చేసరికి ప్రయోగం చేసి చూపేవారు లేక, పుస్తకం చదివించి వదిలేస్తారు. ఆ మాస్టారి తప్పేమీ లేదు, ఆయన శిక్షణ పొందింది చిన్న పిల్లలకు చదువు చెప్పడానికి. ఇది చూసిన తల్లిదండ్రులు, స్తోమత ఉంటే పిల్లను ప్రైవేటు బడి బస్సెక్కిస్తారు, లేకుంటే ఆశ్రమ పాఠశాలలో సీటు కోసం తిరుగుతారు. పై ఏడాది అదే బడిలో పిల్లల లెక్క ఇంకొంత తగ్గుతుంది, ఆ తగ్గిన లెక్కనే చూపి బడిని కుదించమంటారు.

విద్యాశాఖ వాదనలో పస లేదనను. పది మంది పిల్లలకు ముగ్గురు సబ్జెక్టు టీచర్లను ఇవ్వడం కష్టమని, పెద్ద బడిలో ప్రయోగశాల, ఆటస్థలం, పోటీ వాతావరణం దొరుకుతాయని అధికారులు చెబుతారు. జననాలు తగ్గాయన్న మాటా నిజమే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయింది. బలిజిపేట, సీతానగరం, గరుగుబిల్లి వంటి మైదాన మండలాల్లో దీనికి వలస కూడా తోడైంది, పనుల కోసం పట్నం వెళ్లే కుటుంబం పిల్లలనూ వెంట తీసుకుపోతుంది.

ఇక ఈ జిల్లా పేరు చెప్పగానే, 2022 నాటి మార్పులు మేలే చేశాయనడానికి రుజువుగా అందరూ ఎత్తిచూపేది పదో తరగతి ఫలితాలు. 2023లో 87.47 శాతం, 2024లో 96.37 శాతం, 2025లో 93.90 శాతం, మూడేళ్లూ రాష్ట్రంలో ప్రథమ స్థానమే. 2011 జనాభా లెక్కల్లో 58.89 శాతం అక్షరాస్యతతో, నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలోని జిల్లాల్లో అట్టడుగున ఉన్న నాటి విజయనగరం జిల్లా నుంచే దీని పెద్దభాగం విడివడిందని గుర్తుంచుకుంటే, ఆ టీచర్లకు, ఆ పిల్లలకు చేతులెత్తి మొక్కాలి. పక్కనే ఉన్న మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు 2025లో 47.64 శాతంతో చివరన నిలిచింది. అయితే ఈ శాతాలన్నీ పరీక్ష రాసినవారివే, ఏడో తరగతి తర్వాత బడి మానేసి జీడితోటకో ఇంటిపనికో వెళ్లిన ఆడపిల్ల వీటిలో ఎక్కడా కనబడదు. పైగా 2025లో పరీక్ష రాసినవారు ఆరో తరగతిలో అడుగుపెట్టింది 2020లో, కరోనాతో బడులు మూతబడిన ఏడాది. వారి విజయాన్ని 2022 నాటి మార్పుల ఖాతాలో ఎలా వేస్తారు? జీవో 117 కింద మూడో తరగతికే హైస్కూలు గడప తొక్కిన పిల్లలు 2025 జూన్‌లో ఆరులోకి వచ్చారు, వారు పదో తరగతి పరీక్ష రాసేది 2030 మార్చిలో.

కూటమి ప్రభుత్వం 2025లో జీవో 117ను రద్దు చేసి, తొమ్మిది రకాల పాఠశాలల విధానాన్ని తెచ్చింది. తరగతికో టీచరుతో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు రావడం మంచి మార్పే. కానీ పిల్లల సంఖ్యను బట్టి యూపీ స్కూలును హైస్కూలుగా పెంచడమో, ప్రాథమిక పాఠశాలగా కుదించడమో చేసేటప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది మూడేళ్లపాటు సబ్జెక్టు టీచర్లు లేక ఖాళీ అయిన బడుల సంఖ్యనే.

దూరం సంగతీ అంతే. ఉన్నత ప్రాథమిక పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నది నిబంధన. గుమ్మలక్ష్మీపురం, కొమరాడ మండలాల కొండ ఊళ్లలో, దారికి అడ్డంగా గెడ్డ పారే చోట, ఆ మూడు కిలోమీటర్లు జూలై నుంచి అక్టోబరు దాకా మూడు కిలోమీటర్లుగా ఉండవు. చెప్పులు చేతబట్టుకుని, సంచి నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీటిలో దాటే పదకొండేళ్ల పిల్లను తల్లి ఎన్నాళ్లు పంపుతుంది? హాస్టలే దిక్కంటే, 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పెద్దసంఖ్యలో విద్యార్థినులు కామెర్ల బారిన పడి విశాఖ కేజీహెచ్‌కు చేరిన సంగతి ఆ తల్లులు ఇంకా మరవలేదు. అందుకే వారు ముందుగా ఒకటే కోరుతున్నారు: రెండేళ్లపాటు లెక్కల మాస్టారినీ సైన్సు మాస్టారినీ ఊరి బడికి పంపండి, పిల్లల తలలు ఆ తర్వాత లెక్కపెట్టండి.