తిరిగొచ్చే పాట: రోంబర్గ్ గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలూ,

స్కూల్ యాన్యువల్ డేకి ఇంగ్లిష్ మ్యూజికల్ వేస్తున్నామని, మొదట్లో పాడిన పాటనే చివర్లో మళ్లీ ఎందుకు పాడాలో అర్థం కావట్లేదని మొన్న అన్నారు కదా. ఫోన్లో అయితే సగమే చెప్పగలను, అందుకని రాస్తున్నాను. ఈ ప్రశ్నకు జవాబు బాగా తెలిసిన మనిషి ఒకాయన ఉండేవాడు. పేరు సిగ్మండ్ రోంబర్గ్. నాకు చాలా ఇష్టమైన సంగీతకారుడు. ఈ కాలంలో ఆయన పేరు ఎత్తేవాళ్లు తక్కువ.

ఆయన 1887లో హంగేరీలోని నాజ్‌కనిజ అనే ఊళ్లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అసలు ఇంటిపేరు రోజెన్‌బర్గ్. పసివాడిగా ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లు బెలిష్చె అనే ఊరికి మారారు, అది ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. పెద్దయ్యాక ఇంజినీరింగ్ చదవడానికి వియన్నా వెళ్లాడు. ఆ నగరమేమో ఆపెరెటాకు పుట్టిల్లు లాంటిది. మన పద్యనాటకంలో మాటా పద్యమూ కలిసి కథ నడిపినట్టే, ఆపెరెటాలో మాట, పాట, డాన్సు కలిసి కథ నడుపుతాయి. 1905 డిసెంబరులో అక్కడి థియేటర్ అన్ డెర్ వీన్‌లో ఫ్రాంజ్ లెహార్ 'మెర్రీ విడో' మొదటిసారి ఆడింది. రెండేళ్లు తిరక్కుండానే అది న్యూయార్క్ చేరి జనాన్ని ఊపేసింది. అమెరికాలో ఆపెరెటాకు గిరాకీ పుట్టిందంటే దాని చలవే. 1909లో రోంబర్గ్ కూడా చదువు పక్కన పెట్టి న్యూయార్క్ చేరాడు.

వెళ్లగానే ఎవరూ పిలిచి పాటలు రాయమనలేదు. మొదట కొన్నాళ్లు పెన్సిళ్ల ఫ్యాక్టరీలో పని చేశాడు. తర్వాత కేఫుల్లో, రెస్టారెంట్లలో పియానో వాయించాడు. బస్టనోబీస్ అనే రెస్టారెంట్లో సొంత ఆర్కెస్ట్రా పెట్టుకుని, తింటున్నవాళ్లు లేచి డాన్సు చేసేలా పాటలు వాయించేవాడు. ఏ రాగం ఎత్తుకుంటే జనం ప్లేటు వదిలి లేస్తారో రోజూ కళ్లారా చూడటం చిన్న చదువు కాదు. ఆయన సొంతంగా అచ్చు వేయించిన డాన్సు పాటలు షూబర్ట్ సోదరుల దృష్టిలో పడ్డాయి. వాళ్లు అమెరికా నిండా థియేటర్లున్న పెద్ద వ్యాపారులు. (ఆస్ట్రియా సంగీతకారుడు ఫ్రాంజ్ షూబర్ట్ వేరు, ఆయన సంగతి కిందికి వస్తుంది.) 1914లో వాళ్లు రోంబర్గ్‌ను ఉద్యోగంలో పెట్టుకున్నారు.

ఆ ఉద్యోగంలో ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు. అప్పట్లో రెవ్యూ అనేవి ఉండేవి. వాటిలో కథంటూ ఏమీ ఉండదు, పాటలూ డాన్సులూ హాస్యమూ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. కొన్నేళ్లలోనే రోంబర్గ్ డజనుకు పైగా ప్రదర్శనలకు పాటలు ఇచ్చాడు. అప్పటి పేరున్న గాయకుడు, నటుడు అల్ జోల్సన్ నటించిన 'రాబిన్సన్ క్రూసో జూనియర్', 'సిన్‌బాద్' వంటివీ వాటిలో ఉన్నాయి. ఆ పాటల్లో చాలావరకు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. కానీ గడువులోపు పాట ఇవ్వడం, ఎక్కడ నవ్వు రావాలో ఎక్కడ చప్పట్లు రావాలో పట్టుకోవడం ఆయనకు అక్కడే అలవడింది.

1917లో 'మేటైమ్' వచ్చింది. అసలు కథ బెర్లిన్‌ది, జర్మన్ ఆపెరెటా. ఆ ఏడాది ఏప్రిల్లోనే అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగింది. అలాంటప్పుడు జర్మన్ కథంటే ఎవరు టికెట్ కొంటారు? అందుకని కథను న్యూయార్క్‌కు మార్చారు, రోంబర్గ్ సంగీతం మళ్లీ కట్టాడు. మీ ప్రశ్నకు జవాబు సరిగ్గా ఇక్కడ ఉంది.

కథ 1840లో మొదలవుతుంది. డబ్బున్నవాళ్ల అమ్మాయి ఒటిలీ, ఆమె తండ్రి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు రిచర్డ్. ఇద్దరూ ఇష్టపడతారు, 'నన్ను గుర్తుంచుకుంటావా' అని ఒక వాల్ట్జ్ (జంటగా ఆడే డాన్సుకు కట్టిన పాట) పాడుకుంటారు. పెద్దవాళ్లు వాళ్లను కలవనివ్వరు. ఏళ్లు గడుస్తాయి. ఒటిలీ ఇల్లు వేలానికి వచ్చినప్పుడు రిచర్డ్ దాన్ని కొని ఆమెకే ఇస్తాడు. చివరికి రిచర్డ్ మనవడూ ఒటిలీ మనవరాలూ ఒకరినొకరు ఇష్టపడతారు. అప్పుడు అదే వాల్ట్జ్ మళ్లీ వస్తుంది. స్వరం ఒక్కటి కూడా మారలేదు. కానీ ఈలోగా రెండు జీవితాలు గడిచిపోయాయి, అవి ఎలా గడిచాయో చూసింది ప్రేక్షకులే. స్టేజీ మీద పాడే కుర్రవాళ్లకు తెలియని బాధ కింద కూర్చున్నవాళ్లకు తెలుసు. అదే పాటను మొదట్లోనే రెండుసార్లు పాడించి ఉంటే విసుగొచ్చేది. సరైన చోట తిరిగొచ్చింది కాబట్టే కళ్లనీళ్లు వచ్చాయి. జనం ఎంత విరగబడ్డారంటే, ఎదురుగా ఉన్న థియేటర్లో రెండో బృందాన్ని పెట్టి అదే నాటకం ఆడించాల్సి వచ్చింది.

1921లో 'బ్లాసమ్ టైమ్' వచ్చింది. అది ఫ్రాంజ్ షూబర్ట్ జీవితం పేరుతో అల్లిన కథ, రాగాలు కూడా ఆయనవే. 'అసంపూర్ణ సింఫనీ' మొదటి భాగంలో చెల్లోల (పెద్ద వయొలిన్ లాంటి వాద్యాలు) మీద వచ్చే రాగాన్ని తీసుకుని రోంబర్గ్ ప్రేమపాట చేశాడు. ఇది అరువు సొత్తు అని పెద్ద విమర్శకులు ముఖం చిట్లించారు. నేను అలా అనుకోను. ఆ సింఫనీ పేరే వినని లక్షలమందికి ఆ రాగం చేరింది ఈ నాటకం వల్లే.

తర్వాత 1924 డిసెంబరులో 'స్టూడెంట్ ప్రిన్స్' వచ్చింది. ఒక యువరాజు చదువుకోవడానికి హైడెల్‌బర్గ్ వెళ్తాడు. అక్కడి సత్రంలో పనిచేసే కేథీని ప్రేమిస్తాడు, తాత జబ్బు పడటంతో రాజ్యం చూసుకోవడానికి వెనక్కి రావలసి వస్తుంది. రాజ్యం కోసం ఒక రాకుమారిని పెళ్లాడాలి. చివర్లో అతనూ కేథీ మళ్లీ కలుస్తారు, విడిపోవడానికే. అప్పుడు వాళ్ల పాత ప్రేమపాట తిరిగొస్తుంది. విషాదాంతం వద్దని, అంతమంది మగవాళ్ల కోరస్ ఎందుకని నిర్మాత షూబర్ట్ గొడవపడ్డాడని చెబుతారు. రెండూ నిలబడ్డాయి. ఆ కోరస్ పాడే మద్యం పాటకు థియేటర్ దద్దరిల్లేది. అప్పుడు అమెరికాలో మద్యనిషేధం అమల్లో ఉంది మరి! నాటకం 608 సార్లు ఆడింది. 1920ల్లో బ్రాడ్వే (న్యూయార్క్ నాటకశాలల వీధి) మీద అంత ఆడిన మ్యూజికల్ ఇంకొకటి లేదు.

1926లో వచ్చిన 'డెజర్ట్ సాంగ్' విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోదు. పాటలు గొప్పవే. మొరాకోలో రిఫ్ ప్రజలు అబ్దుల్ కరీం నాయకత్వంలో స్పెయిన్, ఫ్రాన్స్ సేనలతో నిజంగా పోరాడిన కాలమది. నాటకంలోనేమో ఆ తిరుగుబాటుదారుల నాయకుడు ఒక ఫ్రెంచి జనరల్ కొడుకు, ముసుగు వేసుకుని తిరుగుతాడు. వాళ్ల పోరాటానికి వాళ్ల మనిషే నాయకుడిగా ఉండకూడదా? పాటను ఇష్టపడుతూనే ఈ ప్రశ్న అడగడం మీరు నేర్చుకోవాలి.

ఆ నాటకానికి మాటలు, పాటలు రాసినవాళ్లలో ఆస్కార్ హామర్‌స్టీన్ ఒకడు. మరుసటి ఏడే ఆయన జెరోమ్ కెర్న్‌తో 'షో బోట్' చేశాడు. 1943లో రిచర్డ్ రాడ్జర్స్‌తో చేసిన 'ఓక్లహోమా!' కూడా ఆయనదే. మీరు ఇప్పుడు వేస్తున్న మ్యూజికల్స్ పద్ధతి చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. అంటే వియన్నాలో నేర్చింది న్యూయార్క్ దాకా చేరడంలో రోంబర్గ్ చెయ్యి ఉంది.

'న్యూ మూన్' ముందుగా 1927 చివర్లో ఫిలడెల్ఫియాలో ఆడి బోల్తా కొట్టింది. దాన్ని ఆపేసి కథ, పాటలు తిరగరాశారు. 1928 సెప్టెంబరులో న్యూయార్క్ తెచ్చాక 509 సార్లు ఆడింది. మరుసటి ఏడు షేర్ మార్కెట్ కూలింది, మాట్లాడే సినిమాలు అప్పటికే వచ్చేశాయి, ఆపెరెటా కాలం వెనకబడింది. రోంబర్గ్ మాత్రం పని మానలేదు. 1940ల్లో సొంత ఆర్కెస్ట్రాతో ఊరూరా కచేరీలు చేశాడు. 1945లో 'అప్ ఇన్ సెంట్రల్ పార్క్' చేశాడు, అది 504 సార్లు ఆడింది. 1951లో న్యూయార్క్‌లోనే చనిపోయాడు.

'న్యూ మూన్'లోని 'సాఫ్ట్‌లీ, యాజ్ ఇన్ ఎ మార్నింగ్ సన్‌రైజ్' పాటను తర్వాత జాజ్ వాళ్లు తమ సొంతం చేసుకున్నారు. శాక్సఫోన్ వాయించే సోనీ రోలిన్స్, జాన్ కోల్ట్రేన్ ఇద్దరూ న్యూయార్క్‌లోని విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్బులో వాయించిన రికార్డులు దొరుకుతాయి. ముందు నాటకంలో పాడినట్టు వినండి, తర్వాత కోల్ట్రేన్‌ది వినండి. ఆ పాట రెండోదాంట్లో ఎక్కడ తిరిగొస్తోందో మీలో ఎవరు ముందు పట్టుకుంటారో నాకు రాయండి. రిహార్సల్స్ ఎలా జరుగుతున్నాయో కూడా రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య