ముందు డబ్బు, తర్వాత పైపు, ఆపైన నీళ్ళు: బెంగళూరు శివార్లలో జనాన్ని ఎప్పుడు పిలిచారు?

కె.ఆర్. పురం, మహదేవపుర వైపు తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వీధుల్లో ‘కావేరి వచ్చిందా?’ అని అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. పైపు వచ్చిందనేది ఒకటి, నీళ్ళు వచ్చాయనేది రెండోది. కొన్ని వీధుల్లో ఈ రెంటికీ నడుమ ఏళ్ళు గడిచాయి.

వీధివాళ్ళను అడగకపోవడానికి మూలం 1964లో ఉంది. ఆ ఏడాది ప్రత్యేక చట్టం తెచ్చి నీళ్ళు, మురుగు పనులను నగర పాలిక చేతిలోంచి తీసి జలమండలికి అప్పగించారు. మండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కార్పొరేటరు మన ఓటుతో గెలుస్తాడు గానీ, పైపు ఎటు వెళ్ళాలో తేల్చే అధికారం అతనిది కాదు. 1974లో మొదటి దశ కావేరి నీళ్ళు వచ్చాయి. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు తోడాల్సిన నీళ్ళివి. అంత పెద్ద లెక్కల్లో వీధివాళ్ళ మాటకు చోటెక్కడ?

జనాన్ని లాంఛనంగా పిలిచింది 2000 తర్వాత, శివారు పురసభల కోసం తలపెట్టిన గ్రేటర్ బెంగళూరు నీటి పథకంలో. పిలిచింది ముఖ్యంగా డబ్బు కోసం. ఇంటి యజమానులు సైటు కొలతను బట్టి తమ వాటా ముందే కట్టాలి. మిగతాదాంట్లో కొంత 2005లో బాండ్లు అమ్మి తెచ్చిన 100 కోట్లు. వార్డుల్లో సభలు జరిగాయి. అయితే సభ పెట్టేనాటికే డిజైనూ వాటా సూత్రమూ ఖాయమైపోయాయి. పైపులు పడ్డాయి గానీ వాటిని నింపే నీళ్ళు లేవు. కావేరి నాలుగో దశ రెండో విడత, రోజుకు 50 కోట్ల లీటర్లు, 2012లో గానీ అందలేదు. ఈలోగా పురసభలే లేవు: 2007లో అవి, వాటితో పాటు 110 గ్రామాలు మహానగర పాలికలో కలిసిపోయాయి. రసీదు పట్టుకుని ఎవరిని అడగాలో తెలియని స్థితి.

డిజైన్ దశలోనే వీధివాళ్ళను ఎందుకు అడగాలో పైపు కోసం తవ్విన గోతిలోకి తొంగిచూస్తే తెలుస్తుంది. బోరు నుంచి రోడ్డు దాటించి లాక్కున్న పైపు, గేటు బయట కట్టుకున్న సంపు, పూడ్చేసిన సెప్టిక్ ట్యాంకు: ఇవేవీ డ్రాయింగులో ఉండవు, పాతకాపులకే తెలుసు. ట్రయల్ పిట్ (కింద ఏముందో చూసేందుకు ముందుగా తీసే చిన్న గొయ్యి) తవ్వేటప్పుడు వాళ్ళలో ఇద్దరుంటే చాలు. (అద్దెకున్నవాళ్ళను ఎవరూ పిలవరు. టెక్కీ తెలుగు కుటుంబాల్లో చాలామంది అద్దెవాళ్ళే, ట్యాంకరు బిల్లు కట్టేదీ వాళ్ళే.)

అసలు చిక్కు పైపులు వేసే వరుస తప్పడంలో ఉంది. మురుగు వాలు మీద పారుతుంది కాబట్టి యూజీడీ (భూగర్భ మురుగు) లైను మట్టాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చలేం. నీళ్ళ పైపు ఒత్తిడితో నడుస్తుంది, పైకీ కిందికీ తిప్పుకోవచ్చు. అందుకే ముందు యూజీడీ, తర్వాత నీళ్ళు. రెండింటి మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలి, ఒకదాన్నొకటి దాటేచోట నీళ్ళ పైపు కనీసం అర మీటరు పైన ఉండాలి. 20 అడుగుల వీధిలో అటూ ఇటూ మోరీలు పోగా ఆ 3 మీటర్లు దొరకడమే గగనం. నీళ్ళ లైను ముందే పడితే యూజీడీ తవ్వకంలో అది తెగుతుంది, హడావిడిగా అతుకు వేస్తారు. రెండ్రోజులకోసారి నీళ్ళు వదిలే చోట, సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోయి, ఆ అతుకు చుట్టూ ఉన్న మురుగు లోపలికి పోతుంది. కుళాయి తిప్పగానే వాసనొస్తోందన్న ఫిర్యాదు చాలాసార్లు అక్కడిదే.

ఇంకొకటి రాయి. బెంగళూరులో చాలాచోట్ల కొద్ది లోతుకే గ్రానైటు తగులుతుంది. పైపు మీద మీటరు మట్టి ఉండాల్సింది, రాయి పగలగొట్టే బ్రేకరుకు లొంగకపోతే అరమీటరుకే సరిపెడతారు. ట్యాంకర్లు తిరిగేసరికి జాయింటు కారుతుంది. తీసిన రాళ్ళనే పైపు మీద గుమ్మరిస్తే మరీ కష్టం. మెత్తటి మట్టి పోసి, అక్కడినుంచి జానెడుకు మించని పొరల్లో తడిపి దిమ్మిస కొట్టకపోతే వానకు రోడ్డు కుంగుతుంది. గోతిలో దిగే పాలమూరు, రాయచూరు కూలీలకు ఇదంతా తెలుసు, వాళ్ళను అడిగేవాళ్ళు లేరు.

2024 అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలైంది: 110 గ్రామాల కోసం, జపాన్ రుణంతో, రోజుకు 77.5 కోట్ల లీటర్లు. ఈసారి నీళ్ళే ముందొచ్చాయి, దరఖాస్తులు వెనకబడ్డాయి. బోరు, ట్యాంకరు అలవాటైన అపార్టుమెంట్లు చార్జీల లెక్క చూసి వెనకాడాయి. కనెక్షన్ తీసుకోండంటూ జలమండలే అదాలత్‌లు (అక్కడికక్కడే సమస్యలు వినే సభలు) పెట్టి జనాన్ని పిలవాల్సి వచ్చింది.