పీడీఎఫ్ కుదించే ముందు, మార్చే ముందు: కొన్ని అపోహలు - వాస్తవాలు

స్కాన్లు శుభ్రం చేయడం, పుస్తకాల పేజీలు అమర్చడం, ఫైళ్లను ఒక ఫార్మాట్‌లోంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చడం... నా రోజంతా ఈ పనిమీదే గడుస్తుంది. వచ్చే ఫైళ్లలో ఎక్కువ పీడీఎఫ్‌లే. వాటి వెంట వచ్చే మాటలు కూడా ఇంచుమించు అవే: "రెండు ఎంబీలోపు చేసివ్వండి", "వర్డ్‌లోకి మార్చివ్వండి, చిన్న పనే కదా." చిన్న పనో పెద్ద పనో ఫైలు తెరిచి లోపల ఏముందో చూసేదాకా నాకూ తెలియదు. పైకి ఒకేలా కనిపించే రెండు పీడీఎఫ్‌ల లోపలి సరుకు పూర్తిగా వేరుగా ఉండొచ్చు. తరచూ వినే అపోహలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

అపోహ: పీడీఎఫ్ కూడా వర్డ్ ఫైలు లాంటిదే, ఎడిట్ చేయకుండా తాళం వేసి ఉంటుందంతే

అన్నిటికంటే పాతుకుపోయిన అపోహ ఇది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ ఒకేలా కనబడాలన్నది పీడీఎఫ్ వెనకున్న ఆలోచన. అడోబీ సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో ఈ ఆలోచనను కాగితం మీద పెట్టారు. 1993లో పీడీఎఫ్ బయటికొచ్చింది. 2008 నుంచి అది ఐఎస్ఓ వారి అంతర్జాతీయ ప్రమాణం. అంటే మొదటి నుంచీ దాని పని పేజీని ఉన్నదున్నట్టు చూపించడమే, రాసుకోవడానికి వీలుగా ఉంచడం కాదు.

లోపల చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. ఒక పేజీ తాలూకు కంప్రెషన్ (కుదింపు) విప్పితే కనిపించే ఆదేశాలు మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటాయి: ఈ ఫాంటు తీసుకో, సైజు 12 పెట్టు, ఎడమ అంచు నుంచి 72 పాయింట్లు జరుగు, కింది అంచు నుంచి 770 పాయింట్లు పైకి వెళ్లు, ఈ అక్షరాలు వెయ్యి. అంగుళానికి 72 పాయింట్లు, ఏ4 పేజీ అంటే సుమారు 595 బై 842 పాయింట్లు. పేరా అనే మాట అక్కడ ఉండదు. మీకు పట్టికలా కనిపించేది అడ్డంగా నిలువుగా గీసిన కొన్ని గీతలు, వాటి మధ్య ఎక్కడికక్కడ వేసిన అంకెలు, అంతే. కొన్ని ఫైళ్లలో పదాల మధ్య ఖాళీ అనే అక్షరమే ఉండదు, తర్వాతి పదాన్ని కాస్త దూరం జరిపి వేస్తారు.

కాబట్టి పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చే ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేసేది ఊహించడమే. ఈ వరుసలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒకే పేరా అయ్యుంటుంది, ఈ గీతలు కలుస్తున్నాయి కాబట్టి పట్టిక అయ్యుంటుంది అని అంచనా కడుతుంది. మామూలు ఉత్తరమైతే చక్కగా కుదురుతుంది. గళ్లు కలిపిన పట్టిక, రెండు కాలమ్‌ల పేజీ, అడుగున ఫుట్‌నోట్లు వస్తే తడబడుతుంది. శీర్షిక ఏది, పేరా ఏది, పట్టిక ఏది అని ట్యాగులు పెట్టి తయారుచేసిన పీడీఎఫ్‌లలో ఫలితం మెరుగ్గా ఉంటుంది, కానీ అలాంటివి నా చేతికి తక్కువగా వస్తాయి.

ఎవరైనా "వర్డ్‌లోకి మార్చండి" అనగానే నేను వేసే మొదటి ప్రశ్న: అసలు ఫైలు ఎవరి దగ్గరుంది? చాలాసార్లు పాత మెయిల్‌లోనో, తయారుచేసిన మనిషి దగ్గరో దొరుకుతుంది. నాలుగు గంటల దిద్దుబాటు తప్పుతుంది. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ వాడేవారికి ఇంకో మంచి వెసులుబాటు ఉంది. పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు హైబ్రిడ్ అనే ఆప్షన్ ఎంచుకుంటే మూల పత్రం కూడా ఆ పీడీఎఫ్‌లోనే కూర్చుంటుంది. తర్వాత లిబ్రేఆఫీస్‌లో తెరిచి మామూలుగా దిద్దుకోవచ్చు.

అపోహ: ఫైలు పేరు చివర డాట్ పీడీఎఫ్ అని పెడితే పీడీఎఫ్ అయిపోతుంది

అవదు. పేరు మారుతుంది, లోపలి సరుకు అలాగే ఉంటుంది. అప్‌లోడ్ చేసినచోట "ఫైలు పాడైంది" అని వెనక్కి వచ్చేవాటిలో ఇవీ ఉంటాయి. నిజమైన పీడీఎఫ్ మొదటి వరుసలోనే పర్సెంట్ గుర్తు, దాని పక్కన పీడీఎఫ్ అన్న అక్షరాలు, వెర్షన్ నంబరు ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసినా కనబడతాయి.

అపోహ: పేజీలు ఎక్కువుంటే సైజు ఎక్కువ, తీసేస్తే తగ్గుతుంది

టైపు చేసిన మూడు వందల పేజీల నవల ఒకటి రెండు ఎంబీల్లో ఇమిడిపోవచ్చు. ఫోనుతో ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన ఒక్క పేజీ అంతకన్నా బరువు తూగొచ్చు. బరువంతా సాధారణంగా బొమ్మలదే.

లెక్క వేసి చూడండి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే అడ్డం 2480, నిలువు 3508 చుక్కలు, అంటే దాదాపు 87 లక్షలు. రంగుల్లో ఒక్కో చుక్కకు మూడు బైట్లు. కంప్రెషన్ లేకుండా ఒక్క పేజీకే 26 ఎంబీలు! అదే గ్రే అయితే మూడో వంతు. నలుపు తెలుపు మాత్రమే అయితే చుక్కకు ఒక్క బిట్ (బైటులో ఎనిమిదో వంతు) చాలు కాబట్టి ఒక ఎంబీ పైచిలుకు, దాన్ని ఫ్యాక్స్ యంత్రాల కాలం నాటి జీ4 పద్ధతిలో కుదిస్తే మామూలు అక్షరాల పేజీ తరచూ వంద కేబీలోపే. డీపీఐని 300 నుంచి 150కి తగ్గిస్తే చుక్కలు సగం కాదు, నాలుగో వంతు అవుతాయి. రెండు దిక్కులా సగమవుతాయి కదా. అందుకే సైజు తగ్గించమంటే నేను ముందు చూసేది తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలను ఎవరైనా రంగుల్లో స్కాన్ చేశారా అని. చాలాసార్లు చేసే ఉంటారు.

ఇక పేజీలు తీసేసినా సైజు తగ్గకపోవడం. దీనికి కారణం తెలిస్తే కాస్త భయపడాల్సిన విషయం కూడా. పీడీఎఫ్‌లో మార్పు చేసి సేవ్ కొడితే చాలా ప్రోగ్రాములు పాత ఫైలును ముట్టుకోవు. చివర్లో కొత్త భాగం అతికిస్తాయి. "ఇకమీదట ఫలానా పేజీ లేదనుకో" అని విషయసూచిక మారుస్తాయంతే. తీసేసిన పేజీ పాత భాగంలో భద్రంగా ఉంటుంది. ఒకసారి నాకు వచ్చిన నాలుగు పేజీల ఫైలు అరవై పేజీలంత బరువుంది. అనుమానమొచ్చి చూస్తే మిగతా యాభై ఆరు పేజీలూ అందులోనే ఉన్నాయి, వేరేవాళ్ల ఖాతా వివరాలతో సహా. పంపినవారికి ఫోన్ చేసి చెప్తే కొంతసేపు మాట్లాడలేకపోయారు. అప్పటికే అది ఇంకో ముగ్గురికి వెళ్లిపోయింది.

పేజీలు తీసేశాక ఫైలును కొత్తగా రాయించాలి. కొన్ని ప్రోగ్రాముల్లో "సేవ్ యాజ్" ఆ పని చేస్తుంది, కొన్నింటిలో "ఆప్టిమైజ్" అని ఉంటుంది. క్యూపీడీఎఫ్ అనే ఉచిత సాధనం దీనికి నాకు బాగా నచ్చింది. కావలసిన పేజీలనే ఎంచి కొత్త ఫైలులోకి తీస్తే పాత సరుకు వెంట రాదు.

అపోహ: కుదిస్తే నాణ్యత పోవాల్సిందే

కుదింపు రెండు రకాలు. అక్షరాలు, గీతలు, ఆదేశాలు కుదించేటప్పుడు ఒక్క బైటు కూడా పోదు. పది ఫైళ్లు కలిపినప్పుడు ఒకే ఫాంటు పదిసార్లు చేరి ఉంటే తొమ్మిది కాపీలు తీసేసినా ఏమీ నష్టం లేదు. నష్టమొచ్చేది ఫొటోల చుక్కలు తగ్గించినప్పుడు, ఫొటోలను కుదించే జేపెగ్ పద్ధతిలో నాణ్యత దించినప్పుడు. జేపెగ్‌గా ఉన్న బొమ్మను మళ్లీ మళ్లీ జేపెగ్‌గా కుదిస్తే ప్రతిసారీ ఇంకొంత పోతుంది. కాబట్టి ఒకసారి కుదించినదాన్నే మళ్లీ కుదించకండి, అసలు ఫైలుతో మొదలుపెట్టండి.

పీడీఎఫ్‌లు కుదించడానికి గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాము వాడేవారికి అందులోని రెడీమేడ్ సెట్టింగులు తెలిసే ఉంటాయి: స్క్రీన్ అంటే 72 డీపీఐ, ఈబుక్ అంటే 150, ప్రింటర్ అంటే 300. తెలుగు స్కాన్లకు స్క్రీన్ సెట్టింగ్ నేను ఎప్పుడూ వాడను. ఇంగ్లిషు అక్షరం 72లో ఎలాగోలా నిలబడుతుంది గానీ మన వత్తులు, గుడులు అలుక్కుపోతాయి. అరసున్నా వేరు, నిండు సున్నా వేరు అని కన్ను పట్టలేదు. చిన్న అక్షరాలుంటే 200 కంటే కిందికి దించను. సైజు ఇంకా తగ్గాలంటే డీపీఐ జోలికి పోకుండా రంగు తీసి గ్రే చేస్తాను.

నలుపు తెలుపు స్కాన్లలో ఇంకో జాగ్రత్త. జేబిగ్2 అనే పద్ధతి ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే ముద్రగా దాచుకుని సైజు బాగా తగ్గిస్తుంది. నష్టం వచ్చే రకంలో అది వాడితే "ఒకేలా ఉన్నాయి" అని పొరబడి ఒక అంకె చోట ఇంకో అంకె పెట్టే ప్రమాదముంది. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ నిపుణుడు దీన్ని బయటపెట్టారు. ఒక భవనం ప్లానులో మూడు గదుల వైశాల్యాలు వేర్వేరు, స్కాన్ కాపీలో మూడింటికీ 14.13 అని పడింది. మసకబారి ఉంటే అనుమానిస్తాం. తప్పు అంకె స్పష్టంగా కనబడితే ఎవరనుమానిస్తారు? అంకెలున్న పత్రాలకు నష్టంలేని పద్ధతే వాడండి, సైజు ఎంతైనా సరే.

అపోహ: జిప్ చేస్తే ఇంకా తగ్గుతుంది

పీడీఎఫ్ లోపలి సరుకు దాదాపు ఎప్పుడూ కుదించే ఉంటుంది. జిప్ చేస్తే తగ్గేది నామమాత్రం. పది ఫైళ్లను ఒక మూటగా పంపడానికైతే జిప్ మంచిదే.

అపోహ: కంటికి తెలుగు కనిపిస్తోంది కాబట్టి కాపీ చేస్తే తెలుగే వస్తుంది

ఇక్కడ మూడు రకాల ఫైళ్లున్నాయి.

స్కాన్ చేసిన ఫైలులో అసలు అక్షరాలే ఉండవు, బొమ్మ ఉంటుంది. దానికి ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను ప్రోగ్రాముతో గుర్తుపట్టించాలి. టెసెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ తెలుగును చదువుతుంది. స్కాన్ నిటారుగా, 300 డీపీఐలో ఉంటే ఫలితం బాగుంటుంది, అయినా మనిషి ఒకసారి చదివి దిద్దాల్సిందే.

రెండోది, అను ఫాంట్ల వంటి పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైలు. వాటిలో తెలుగు రూపాలను యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే ప్రపంచ ప్రమాణం) ప్రకారం కాకుండా వేరే అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. కాపీ చేసి అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం వస్తుంది. ఫైలు పాడవలేదు. ఆ ఫాంటుకు సరిపోయే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు.

మూడోది యూనికోడ్‌లోనే చేసినది, అయినా దెబ్బతినేది. "పత్రిక" అన్న మాట తీసుకోండి. మనం టైపు చేసే వరుస ప, త, రవత్తు, గుడి, క. పేజీ మీద వేసే వరుస వేరు: ప, ఆ తర్వాత గుడితో కలిసిన "తి" ఒకే రూపంగా, ఆపైన రవత్తు, చివర క. పీడీఎఫ్ వేసిన వరుసనే గుర్తుంచుకుంటుంది. తయారుచేసిన ప్రోగ్రాము ఏ రూపం ఏ అక్షరమో సరిగ్గా రాసిపెట్టకపోతే, కాపీ చేసినప్పుడు గుడి ముందుకొచ్చి రవత్తు వెనకబడి మాట విరిగిపోతుంది. అప్పుడు ఫైలులో "పత్రిక" అని వెతికితే దొరకదు, కళ్లెదుటే ఉన్నా సరే. ఎంతో శ్రమపడి తెలుగు పుస్తకాలను డిజిటల్ చేసేవారు దీన్ని గమనించక వదిలేస్తే మనసు చివుక్కుమంటుంది. కొత్తగా పీడీఎఫ్ చేసిన ప్రతిసారీ సంయుక్తాక్షరాలున్న మాటలు ఓ రెండు వెతికి చూడండి. దొరకలేదంటే ఎగుమతి చేసిన ప్రోగ్రామునో ఫాంటునో మార్చాలి.

అపోహ: ప్రింట్ చేసి పీడీఎఫ్ తీసినా, పీడీఎఫ్‌గా సేవ్ చేసినా ఒకటే

కాగితం మీద ఒకటే. ఫైలుగా మాత్రం కాదు. ప్రింట్ దారిలో వెళ్తే లింకులు, బుక్‌మార్కులు, ట్యాగులు సాధారణంగా పోతాయి. చూపులేనివారి కోసం ఫైలును చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఆధారపడేది ఆ ట్యాగుల మీదే. ఎగుమతి ఆప్షన్ ఉంటే అదే వాడండి.

అపోహ: నల్ల పెట్టె గీసి కప్పేస్తే నంబరు పోయినట్టే

పెట్టె కింద నంబరు అలాగే ఉంటుంది. ఆ చోటంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. మార్జిన్లు కత్తిరించడం కూడా ఇంతే, కనపడకుండా దాస్తుంది, తీసెయ్యదు. రిడాక్షన్ అనే, కప్పినదాన్ని ఫైలులోంచే తీసేసే ప్రత్యేక సదుపాయమున్న ప్రోగ్రాము వాడాలి. అది లేకపోతే కప్పిన పేజీని పూర్తిగా బొమ్మగా మార్చి, ఆ బొమ్మతో కొత్త పీడీఎఫ్ చెయ్యాలి. గుర్తింపు పత్రాలు, వైద్య రిపోర్టులు ఊరూపేరూ తెలియని ఆన్‌లైన్ కన్వర్టర్లలో పెట్టడం గురించి కూడా ఇదే చోట చెప్పాలి. అప్‌లోడ్ కొట్టిన క్షణమే కాపీ ఒకటి వేరేవారి కంప్యూటర్‌కు చేరింది. అలాంటివి మీ కంప్యూటర్‌లోనే పనిచేసే సాధనంతో మార్చుకోండి.

అపోహ: పాస్‌వర్డ్ పెట్టాం కాబట్టి ఎవరూ కాపీ చేయలేరు

పీడీఎఫ్‌లో రెండు పాస్‌వర్డులుంటాయి. తెరవడానికి అడిగేది నిజమైన తాళం. ప్రింట్, కాపీ, ఎడిట్ వద్దని పెట్టేది విన్నపం లాంటిది. ఫైలు తెరుచుకున్నాక ఆ విన్నపాన్ని పాటించాలా వద్దా అన్నది తెరిచిన ప్రోగ్రాము ఇష్టం.

అపోహ: డిజిటల్ సంతకం ఉన్న ఫైలును కూడా కుదించుకోవచ్చు

ఇది ఈమధ్య ఎక్కువగా చూస్తున్నాను. డిజిటల్ సంతకం ఫైలులోని బైట్లను లెక్కగట్టి వేసేది. కుదిస్తే ఆ బైట్లు మారిపోతాయి, సంతకం చెల్లదు. ప్రింట్ చేసి మళ్లీ పీడీఎఫ్ తీస్తే సంతకం బొమ్మ మిగులుతుంది, సంతకం ఉండదు. సైజు పరిమితి ఉందని ముందే తెలిస్తే కుదించాల్సిన పని సంతకానికి ముందు పూర్తి చేయించండి. సంతకం అయిపోయాక మీ చేతికొచ్చిందా, దాన్ని తెరిచి చూడండి, కాపీ చేసి దాచుకోండి, సేవ్ మాత్రం కొట్టకండి. చిన్నది కావాలంటే సంతకం చేసినవారినే మళ్లీ అడగాలి.