స్వనిధి లోను ఎన్నికలయ్యాక మాఫీ అవుతుందా?

మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీగా, అంటే రిసోర్స్ పర్సన్‌గా పనిచేస్తున్నాను. స్వనిధి అంటే వీధి వ్యాపారులకి బ్యాంకులిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం లోను. మున్సిపల్ ఎన్నికల మాట వినపడితే చాలు, బండ్ల దగ్గర అందరూ నన్ను ఆపి అడిగేది ఒకటే: "మాఫీ అంటున్నారు కదమ్మా, ఈ నెల కిస్తీ కట్టాలా?"

అపోహ: అది కరోనా సాయం, తిరిగి కట్టక్కర్లేదు.

వాస్తవం: అది బ్యాంకు అప్పు. కట్టాలి. 2020 జూన్‌లో పథకం మొదలైనప్పుడు తొలి విడత 10,000, అది తీరిస్తే 20,000, ఆ తర్వాత 50,000 (2025లో మొదటి రెండూ 15,000, 25,000 అయ్యాయి). ప్రభుత్వ గ్యారంటీ ఉందని విని చాలామంది పొరబడుతున్నారు. ఆ గ్యారంటీ బ్యాంకుకి, మనకి కాదు. మనకొచ్చేది 7 శాతం వడ్డీ రాయితీ, అదీ కిస్తీలు టైముకి కడితేనే.

2021 మార్చి ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి తాలూకు మనిషి, మా పేటలో పునుగుల బండి పెట్టుకునే పిన్నితో "కట్టకు, మేం చూసుకుంటాం" అన్నాడట. నాలుగు కిస్తీలు కట్టి ఆపేసింది. ఏడాది తర్వాత రెండో లోనుకి నాతో బ్యాంకుకొచ్చింది, నూనె మరకల పాస్‌బుక్కు పాలిథిన్ కవర్లో పెట్టుకుని. మొండి బాకీలో పడిందన్నారు. "నెలకి తొమ్మిది వందలు కట్టలేక కాదమ్మాయ్, మాఫీ అన్నారు కదాని..." అంది. ఆ వారమే డైలీ ఫైనాన్స్ దగ్గర 8,500 చేతికి తీసుకుని, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టింది. నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

బ్యాంకు అప్పు మాఫీ చేయడం వార్డు కౌన్సిలర్ చేతిలో పని కాదు. బండ్ల దగ్గర వీధిలైట్లు, తాగునీళ్లు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి, ఆశీలు (బండ్ల దగ్గర వసూలు చేసే రుసుం) తగ్గించమని కౌన్సిల్లో పట్టుబట్టడం, ఇవి వాళ్లు చేయగలిగినవి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, మన ఊళ్లో ఉన్నారా అని అడగండి. మాఫీ అని చెప్పే అభ్యర్థి లాక్‌డౌన్‌లో మన పేట ముఖం చూశాడో లేదో మీకే బాగా తెలుసు.

ఇంకో పుకారు కూడా ఉంది: బండి దగ్గర ఫోన్‌పేలో డబ్బులు తీసుకుంటే జీఎస్టీ పడుతుందని. అది వట్టిది. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మే బండికి జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. స్వనిధి దరఖాస్తుకి మధ్యలో ఎవరికీ డబ్బులివ్వొద్దు.

కిస్తీలు ఆగిపోయినవాళ్లు టెన్షన్ పడి బ్యాంకు వైపు వెళ్లడం మానేయకండి. పాస్‌బుక్కు తీసుకుని మీ ఆర్పీని వెంటబెట్టుకుని వెళ్లండి, బాకీ ఎంతుందో ముందు కాగితం మీద రాయించుకోండి. పిన్ని అలాగే మొత్తం తీర్చేసింది, రెండేళ్లు పట్టింది.