చీనీ చెట్టుకు పుల్ల కాయలు ఎట్లా కాశాయి?

చిన్నోడికి, పాపకి,

దసరా సెలవుల్లో మీరు అడిగిన మాటలకు ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేదు. కాయలు కోసే కూలీలు వచ్చి ఉన్నారు, నాకు తీరిక లేకపోయింది. బోరు పక్కనున్న చీనీ (బత్తాయి) చెట్టుకు ఒక కొమ్మ నిండా ఎర్రటి పుల్ల కాయలు ఎందుకు కాశాయని చిన్నోడు అడిగాడు. పక్క చేనిలో నిమ్మతోట ఉంది కాబట్టి దాని గాలి సోకిందని ఎవరో అన్నారు. పాపేమో, గుజ్జు ఎర్రగా ఉండే ఆరెంజ్‌ను దానిమ్మతో కలిపి పుట్టించారని వీడియోలో చూశానంది. రెండు మాటలూ నిజం కావు.

మన తోటలో ప్రతి చీనీ చెట్టులోనూ రెండు చెట్లు ఉన్నాయి. నేలలో వేళ్లు పాతుకున్నది రంగపూర్ నిమ్మ. కొన్ని తోటల్లో దాని బదులు జంబేరి అనే మరో నిమ్మ ఉంటుంది. రెండూ మొండి జాతులు. నర్సరీలో ఆ మొక్క కాండం మీద, నేల నుంచి జానెడు ఎత్తున, చీనీ కన్ను ఒకటి, అంటే కొమ్మ మీది చిగురు మొగ్గ, తెచ్చి అంటు కడతారు. కన్ను చిగురించాక కింది మొక్క తల తీసేస్తారు. అప్పటినుంచి కింద నిమ్మ, పైన చీనీ.

మీ నాయన హైస్కూలు చదువంతా తాడిపత్రిలో వాళ్ల మేనత్త ఇంట్లో ఉండే సాగింది. ఆమె చేతి సద్ద రొట్టెలు తిన్నాడు, ఒళ్లు చేశాడు. అయినా ముక్కు మారిందా? మాట మారిందా? అచ్చం మన ఇంటివాడే. చీనీ కొమ్మ కూడా అంతే. నిమ్మ వేళ్లు పెట్టిన తిండి తింటుంది. తిండిని బట్టి చెట్టు గుబురుగా పెరగొచ్చు, పండులో తీపి కాస్త పెరగొచ్చు, తగ్గొచ్చు. అంతేగానీ చీనీ నిమ్మగా మారదు.

మరి ఆ పుల్ల కాయలు? అవి మేనత్త సొంత పిల్లలు! అంటు కిందినుంచి ఒక మొలక లేచింది, మనం చూసుకోలేదు, అది చెట్టంత కొమ్మై తన కాయలు తాను కాసింది. చూస్తే కమలాపండు, నోట్లో పెడితే నిమ్మ: రంగపూర్ నిమ్మ తీరే అది.

నా చిన్నప్పుడు మా అబ్బ పొద్దున్నే చిన్న కత్తి పట్టుకుని ప్రతి పాదు దగ్గరా వంగి చూసేవాడు. అంటు కింద వేలెడు చిగురు కనబడినా కోసి పారేసేవాడు. "ఇది బతికితే పైది చస్తుంది" అనేవాడు. ఒక కరువులో బావి అడుగంటింది. బావి నీళ్లు తోడే కపిల ఎద్దులు ఊరికే నిలబడ్డాయి. పాదుకు కడివెడు నీళ్లు మోసినా కొన్ని చెట్లు పైనుంచి ఎండిపోయాయి. మరుసటి వానకు వాటి మొదళ్ల నుంచి ముళ్ల కొమ్మలు లేచాయి. మా అబ్బ వాటిని పీకించేశాడు కానీ ఒకదాన్ని మాత్రం మా జేజి పీకనివ్వలేదు. దాని కాయలతో ఊరగాయ పెట్టేది. ఊరినుంచి బంధువుల పిల్లలొస్తే మేము అవే కాయలు కమలాపండ్లని చేతిలో పెట్టి వాళ్ల మొహాలు చూసేవాళ్లం.

ఇక గాలి సోకడం సంగతి. నిమ్మపువ్వు మీద వాలిన తేనెటీగ చీనీ పువ్వు మీదా వాలుతుంది, పుప్పొడి తెస్తుంది. అది నిజమే. కానీ మనం తినే తొనలు తల్లి ఒడి లాంటివి. తండ్రి ఎవరైనా తల్లి ఒడి మారదు కదా. పుప్పొడి ప్రభావం గింజల మీదే. మహా అయితే గింజల సంఖ్య పెరుగుతుంది. పండు పుల్లగా ఉందంటే పక్వానికి రాకముందే కోశారేమో చూడాలి. మామిడిలాగా చీనీని కోసి గడ్డిలో మాగబెడితే తీపి రాదు. పుల్లగా కోస్తే చివరిదాకా పులుపే.

పాప అన్న ఎర్ర ఆరెంజ్‌కూ దానిమ్మకూ ఏ సంబంధమూ లేదు. దానిమ్మది వేరే వంశం, వీటి మధ్య పెళ్లి కుదరదు, అంటు కూడా అతకదు. నేరేడు పండుకు రంగునిచ్చే పదార్థాల జాతిదే ఆ పండులోనూ ఉంది. రాత్రిళ్లు బాగా చల్లగా ఉంటేనే అది పొంగుతుంది. ఇటలీలో సిసిలీ దీవి అందుకే ఆ పండ్లకు పేరుపడింది. మన అనంతపురం ఎండలకు ఆ రంగు సరిగ్గా రాదు.

నిజంగా కలిసిన కుటుంబాలు వేరే ఉన్నాయి. మందపాటి తోలుండే మాదీఫలం, పంపర పనస, కమలా అని మూడు పాత ఇళ్లు. హిమాలయాల తూర్పు కొస, అస్సాం, బర్మా, చైనా యునాన్ కలిసే ఆ కొండల దగ్గర ఈ వంశం మొదలైందని 2018లో శాస్త్రవేత్తలు జన్యువులు చదివి చెప్పారు. పంపర పనస తల్లి, కమలా తండ్రి అయితే పుల్ల నారింజ పుట్టింది. ఆ నారింజకూ మాదీఫలానికీ పుట్టింది సూపర్ మార్కెట్లో దొరికే పసుపుపచ్చ కోల నిమ్మ. మన పలచ తోలు నిమ్మకు తండ్రి మాదీఫలం, తల్లి ఫిలిప్పీన్స్ దీవుల అడవి నిమ్మ. మన చీనీకి కూడా తల్లి వైపు మూలం పంపర పనసే. కానీ కమలా ఇంటి రక్తమే ఎక్కువ. మన మొండి రంగపూర్ నిమ్మ కమలాకూ మాదీఫలానికీ పుట్టింది. ఇవేవీ ఇంజెక్షన్ వేసి పుట్టించినవి కావు, ఎప్పటివో పాత సంబంధాలు. "హైబ్రిడ్ కాయ, రుచీ లేదు బలమూ లేదు" అని సంతలో ఎవరైనా అంటే, మన నిమ్మ కూడా హైబ్రిడ్డేనని మర్యాదగా చెప్పండి. కలిసి పుట్టిందాన్ని కల్తీ అనడం నాకు నచ్చదు, పండ్ల విషయంలోనైనా, మనుషుల విషయంలోనైనా.

అంటు కడితే రెండూ కలవవని చెప్పాను కదా, లక్షల్లో ఒకసారి వింత జరుగుతుంది. 17వ శతాబ్దంలో ఇటలీ ఫ్లోరెన్స్ నగరంలో ఒక చెట్టు అంటు అతికిన చోటినుంచే మొలక వేసింది. దానికి ఒకే కాయలో కొంత నారింజ, కొంత మాదీఫలం చారలు చారలుగా కాశాయి. మేనత్త, మేనల్లుడు ఒకే మొహంలో కనబడినట్టు! దాని గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మీరిప్పుడు చేయాల్సింది ఉంది. ముందు ఆకులు చూడండి. పంపర పనస ఆకు తొడిమకు రెక్కలుంటాయి, పెద్ద ఆకు కింద చిన్న ఆకు అతికించినట్టు. కమలాకు ఆ రెక్కలు సన్నం. పుల్ల నారింజ ఆకు దొరికితే రెంటికీ మధ్యస్తంగా ఉంటుంది. తల్లీతండ్రుల పోలిక ఆకులోనే తెలుస్తుంది. తర్వాత అదే ఆకును ఎండకు ఎత్తి చూడండి, సూది పొడిచినట్టు చుక్కలు కనబడతాయి. అవి నూనె తిత్తులు, వాసన వాటిదే. కరివేపాకునూ, మారేడునూ అట్లాగే పట్టి చూడండి, వాటికీ ఉంటాయి. అవి కూడా ఈ వంశానికి దూరపు చుట్టాలే.

చీనీ తిన్నాక గింజలు పారేయొద్దు. ఎండనివ్వొద్దు కూడా, ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది. ఆ రోజే కుండీలో నాటి, ఒక్కో గింజ చోట పుల్ల గుచ్చండి. ఒక్క గింజ నుంచి రెండు, మూడు మొలకలు రావడం చూస్తారు. వాటిలో చాలావరకు తండ్రి పోలిక ఏమీ లేకుండా, తల్లినే దించినట్టు ఉంటాయి. ఎన్ని గింజలకు ఎన్ని మొలకలు వచ్చాయో పాప నోట్‌బుక్కులో రాయాలి, నీళ్లు పోయడం చిన్నోడి పని. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ లెక్క తెచ్చి నాకు చూపించండి.

మీ అబ్బ