ఎంఎస్ దారి ఎలా పడింది?

బీటెక్, ఎంఎస్, ఉద్యోగం, హెచ్1బీ ఉద్యోగ వీసా, గ్రీన్‌కార్డు. గుంటూరు బ్రాడీపేటలోనైనా, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా పిల్లల పైచదువుల మాట ఎత్తితే ఈ అయిదూ ఒక్క ఊపిరిలో వస్తాయి. ఒకటి ఎక్కితే తరువాతిది దానంతటదే అందుతుందని మన ఇళ్లలో నమ్మకం. అమెరికా చట్టం మాత్రం వీటిని ఏనాడూ ఒక నిచ్చెనగా కట్టలేదు.

ముందు తరంలో వెళ్లినవారిలో డాక్టర్లు ఎక్కువ. దేశాలవారీ పాత కోటాలను రద్దు చేసిన 1965 చట్టం వృత్తి నిపుణులకు తలుపు తెరిచింది. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలలో చదివినవారు ఎందరో అలా వెళ్లి స్థిరపడ్డారు. వెళ్తే ఉండిపోవచ్చన్న ధీమా వారిని చూసే ఇక్కడ నాటుకుందని నేననుకుంటాను. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. తరువాతి వంతు ఇంజినీర్లది.

వారి కథను మలుపు తిప్పింది 1990 చట్టం. హెచ్1బీ పుట్టింది అందులోనే, ఏడాదికి 65,000 పరిమితితో. కంప్యూటర్ నిపుణులకు గిరాకీ పెరగడంతో 1998లో దాన్ని 1,15,000కు, 2000లో 1,95,000కు పెంచారు. మన ఊళ్ల నుంచి ఇంటికొకరు బయలుదేరినట్టు అనిపించిన రోజులవి. 2004కల్లా పరిమితి మళ్లీ 65,000కు పడిపోయింది. అయితే అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 కేటాయించారు. ఎంఎస్ చదువుకు వీసా విలువ వచ్చింది ఇక్కడే. సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏడాది ఓపీటీపై, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకునే గడువుపై, 2008లో 17 నెలలు కలిపారు, 2016లో ఆ పొడిగింపును 24 నెలలు చేశారు. దాంతో, దరఖాస్తులు పరిమితిని మించినప్పుడు హెచ్1బీకి తీసే లాటరీలో రెండు మూడుసార్లు పేరు వేసుకునే వీలు కలిగింది.

గ్రీన్‌కార్డు లెక్క మాత్రం మారలేదు. ఉద్యోగాల కోటా ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లలు కూడా అందులోకే వస్తారు. సాధారణంగా ఏ దేశానికీ 7 శాతం మించదు. మనవాళ్ల వరస పదేళ్లు దాటిపోవడానికి కారణం ఇదే. తల్లిదండ్రులు ఎదురుచూస్తుండగానే పిల్లలకు 21 ఏళ్లు నిండి, ఆ వరసలో చోటు పోగొట్టుకుంటున్నారు. ఆ ఇళ్ల బాధ తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మిగతా దేశాలూ నిలకడగా లేవు. బ్రిటన్ చదువు తరువాతి ఉద్యోగ వీసాను 2012లో తీసేసి 2021లో మళ్లీ తెచ్చింది. కెనడా 2024లో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తులకు 1,00,000 డాలర్ల రుసుము ప్రకటించింది. అక్కడే చదివి విద్యార్థి వీసా నుంచి హెచ్1బీకి మారేవారికి అది వర్తించదని తరువాత వివరణ ఇచ్చింది. ఆ మధ్య రోజుల్లో ఎన్ని ఇళ్లలో నిద్ర కరవైందో!

చదువు రుణానికి పొలమో, ఇల్లో హామీగా పెడుతున్నాం. చాలా బ్యాంకుల్లో చదువు ముగిసిన ఏడాదికే వాయిదాలు మొదలవుతాయి. అప్పటికి లాటరీ తేలి ఉండకపోవచ్చు. అబ్బాయో అమ్మాయో తిరిగివచ్చి ఇక్కడి జీతంతో ఆ వాయిదా కట్టగలరా అన్న లెక్క సంతకం పెట్టకముందే వేసుకోవాలి.